సారక్క పెట్టిన గులాబీ దారం

సారక్క నోటికి మేం బతకొచ్చిన ఈ భేస్తాన్‌లో మా వరసగదుల వాళ్లంతా జడుస్తారు. మరమగ్గాల కార్ఖానాలో ఇరవై ఏళ్లుగా దారం కండెలు చుట్టే మనిషి. ఆ మోతలో అరిచి అరిచి, మంచినీళ్లు అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. పక్కగది నాది, నా పనీ అదే కార్ఖానాలో కాబట్టి తిట్లలో నా వాటా ఎక్కువ.

ఈ ఎండాకాలం మా వెనక వేపచెట్టు మీద వంగపండు పిట్టల జంట వాలింది. ఒళ్లంతా పసుపు రాసినట్టున్నాయి. ఈ పొగలో, ఈ మురికికాలువ పక్కన వాటికేం పనో! సారక్క తెల్లారగానే ఫోను పట్టుకుని వెనక మెట్ల మీద కూర్చునేది. గూడు కడితే ఫొటో, పిల్లలు నోరు తెరిస్తే ఫొటో. నా పెరట్లో నేను దగ్గినా కసిరేది. ఒళ్లు మండేది నాకు.

పిల్లలకు రెక్కలొచ్చాక ఒక పొద్దున నా తలుపు బాదింది. ఒక పిల్ల కాలికి దారం చుట్టుకుని గూటి నుంచి వేలాడుతోంది.

"కార్ఖానా చెత్త దారం తెచ్చి వెనక పారేసినవ్ గదరా రాజనర్సూ! పానం తీసినవ్!"

"నేనేడ పారేసినక్కా? చూసినవా నువ్వు?" అని నేనూ అరిచాను.

అరుస్తూనే నిచ్చెన వేసి ఎక్కాను. దారం కత్తిరించేసరికి పిల్ల చచ్చిపోయి ఉంది. గూట్లో ఇంకో పిల్ల మిగిలింది. దాని చుట్టూ కూడా దారాలే.

కిందికి దిగేసరికి నా తప్పు పట్టుకోవడానికి సారక్క పాత ఫొటోలు తిప్పుతోంది. ఒకచోట వేలు ఆగింది. పిట్ట ముక్కున గులాబీ దారం, దాని పక్కన గోడ మీద సారక్క స్టీలు గిన్నె, గిన్నె నిండా అదే దారం. నా చేతిలో ఉన్నదీ అదే.

"ఇది చెత్త గాదక్కా. కండె మీది పాలిస్టర్. గుంజినా తెగదు."

"తెగొద్దనే వెట్టిన" అంది. "గూడు గట్టిగుంటదని మంచి దారం ఏరి వెట్టిన."

"ఇరవై ఏండ్ల సంది దారం పట్టినవ్, గింత తెల్వదా?" నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె నా చేతిలో కత్తెర లాక్కుని, ఆ నొప్పుల మోకాళ్లతోనే నిచ్చెన ఎక్కి, ఒక్కొక్క దారం కత్తిరించసాగింది. తల్లిపిట్ట వచ్చి నెత్తి మీద పొడిచింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"పొడువే, మంచిగ పొడువు!" అని అరిచింది సారక్క.