అడుగున పేరు

బెల్లంపల్లిలో మా చర్చి సంఘం ప్రేమవిందుకు అందరూ ఇంటి నుంచి వండి తెచ్చేవాళ్ళు; అది ముగిసేసరికి అందరి గిన్నెలూ కలిసిపోయేవి. సంఘంలో అందరికీ పెద్దమ్మ అయిన ఒకామె వాటిని బోర్లించి, అడుగున చెక్కించిన పేర్లు చదివి ఇంటింటికీ పంపేది. ఏ వస్తువు చేతికొచ్చినా ఆమె ముందు అడుగే చూసేది.

ఒక ఆదివారం ఒక పసిబిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థనను దుబాయిలో ఉన్న తండ్రికి వీడియోలో చూపించాలి. మందిరంలో ఫోన్ సిగ్నల్ అందదు. ఇంటర్నెట్ తీగకు తగిలించిన, ఎవరో ఇచ్చిన పాత వైఫై మోడెం ఉంది గానీ, దాన్నెలా వాడాలో చెప్పే కాగితం లేదు, పాస్‌వర్డ్ తెలియదు. చదువుకున్నవాణ్ణని పేరున్న నేను తోచిన అంకెలన్నీ కొట్టి, చివరికి దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. బిడ్డ తల్లి ఫోన్ పట్టుకుని కన్నీళ్ళతో నిలబడింది.

పెద్దమ్మ వచ్చి, "గిది ఎవలది బిడ్డా?" అంటూ మోడెంను బోర్లించింది. "గీడ పేరున్నది సూడు. గీ అంకెలేంది?"

అడుగున అతికించిన చీటీ మీద కంపెనీ పేరుతో పాటు పాస్‌వర్డ్ కూడా ఉంది! కాసేపటికే తండ్రి ఫోన్‌లో బిడ్డను చూసి ఏడ్చేశాడు. నా ప్రార్థన ఫలించిందని నేను గట్టిగా స్తోత్రం చెప్పాను.

"పేరు దొరికింది గదా," అంది పెద్దమ్మ. "పనైనంక గిన్నెలతోని ఆళ్ళింటికి పంపియ్యి."

కొన్నేళ్ళకు ఆమె ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. ఏ యంత్రం మొరాయించినా నేనింకా ప్రార్థనే చేస్తాను. కాకపోతే దాన్ని బోర్లించి పెట్టుకుని చేస్తాను.