రెండోవోడు సూడాల

నూనె గుడ్డ తాడుకి కట్టి తుపాకి గొట్టంలోంచి లాగీసి, ‘ఖాళీ’ అనీసాడు మా తాత. అనీసి తుపాకి నా వొళ్ళో ఎట్టాడు. నా చిన్నప్పటి మాటిది, అప్పటికి నాను పలకాబలపం గుంటని.

మా తాత మిలట్రీ నుంచొచ్చి రాజాంలో ఒక బేంకు కాడ కాపలా ఉండీవోడు. సొంత రైఫిలు, లైసెన్సుది. మా నాన్న పోయాక ఇల్లు ఆ ఉజ్జోగం మీదే నడిసీది. ఆదివారం వస్తే అరుగు మీద కూకోని బోల్టు ఊడదీసి తుడిసీవోడు. తూటా కూకునే గది ఉంటాది, చాంబరంటారు, దాన్నయితే సిటికినేలుకి గుడ్డ సుట్టి, పసిబిడ్డ సెవి తుడిసినట్టు తుడిసీవోడు. మిలట్రీలో ఒకడు సూసి ఖాళీ అన్నాక రెండోవోడు కూడా సూడాలంట. మా ఇంట్లో రెండోవోడెవుడు? నానే! ఎప్పుడు సూసినా అటు సివర గుండ్రంగా వెలుగు కనిపించీది. ‘ఖాళీ సార్’ అని సెల్యూట్ కొడితే తాత నవ్వీవోడు.

ఆ రోజు వెలుగు నేదు.

‘తాతా, గుడ్డముక్క తెగి లోపలుండిపోనాది!’ అని గంతులేసాను. ఏదో గెలిసినట్టు నాకు ఒకటే సంబరం.

‘ఆటలాడకే గుంటా’ అన్నాడు. తీసుకోని ఎండేపు తిప్పాడు. ఒక కన్ను మూసి సూసాడు, అది తెరిసి రెండోది మూసి సూసాడు. ఆకరికి ఏలెట్టి తడిమేడు. గుడ్డ తగిలింది. ఏలు అలాగే ఉంచీసాడు, తియ్యనేదు.

కళ్ళు మసకలొస్తన్నాయని, అది ఆపరేసనుకి లొంగీది కాదని ఆయనకి ముందే తెలుసంట. మాకెవులికీ సెప్పనేదు.

లోపల్నుంచి మా మామ్మ వొచ్చి, ‘ఎవులికి తెలుస్తాదయ్యా? ఆ తుపాకి పేలిందెప్పుడు గనక! నోరు మూసుకోని ఇంకో ఏడాది లాగీ’ అంది.

‘గుడ్డముక్కే కనబణ్ణేదే నాకు. అది తూటా అయితే? ఖాళీ అని ఈ గుంట వొళ్ళోనే ఎట్టాను కదే’ అన్నాడు తాత.

మామ్మ కొంగు నోటికి అడ్డమెట్టుకోని గుమ్మంలోనే కూలబడిపోనాది. తాత ఏడవడం నాను అప్పుడే సూసాను. సప్పుడు నేదు, బుజాలు కదిలేయంతే.

ఇప్పుడు నాను మందుల షాపులో పని సేస్తన్నాను. మాత్రలు తీసాక పక్కన పని సేసే పిల్లకి ఓసారి సూపిస్తాను. ‘నీకు కళ్ళు నేవేటి?’ అని ఎక్కిరిస్తాది. ఉన్నాయే, అయినా సూడు అంటాను. నాకు కనిపించనేదు అని సెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. తాత దగ్గర నేర్సుకున్నదదే.

ఆ ఆదివారం మర్నాడు పొద్దున్న తాత ఖాకీ బట్టలేసుకోని, తుపాకి నేకుండా, ఇంక నావల్ల కాదని బేంకులో సెప్పడానికి బయల్దేరాడు. సెయ్యి పట్టుకుంటానంటే వొద్దన్నాడు. నాను బడి మానీసి ఆయనకి ఒక్కడుగు ముందు నడిసాను, ఏదో నాలో నాను పాడుకుంటన్నట్టు, ‘ఇక్కడ గొయ్యి, ఇక్కడ రాయి, ఇక్కడ మెట్టు’ అని పైకే అనుకుంటా.