మానేసినాయన చొక్కా

తమ్ముడికి ఉన్నది ఒక్కటే అలవాటు. సిగరెట్లు మానేయడం. లోకంలో మిగతా వాళ్ళకి తాగే అలవాటు ఉంటే ఈయనకి మానేసే అలవాటు. సోమవారం పొద్దున మానేస్తాడు, బుధవారానికి ఓడిపోతాడు, గురువారమంతా మొహం వేలాడేసుకుని తిరుగుతాడు, మళ్ళీ సోమవారానికి కొత్త పద్ధతితో సిద్ధం. వీధిలో జనం అతని అసలు పేరు మర్చిపోయి ఏళ్ళయింది. ఉత్తరాలు పంచేవాడు కూడా "మానేసినాయన ఉన్నాడా?" అనే అడుగుతాడు.

అక్క లెక్కలో ఇప్పటికి అరవై ఒక్కసారి మానేశాడు. అక్క చదివింది మూడో తరగతే. అయితేనేం, ఆవిడ లెక్కలో తప్పు పట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఆవిడ ముక్కు ఇంకా గట్టిది. వీధి మొదట్లో ఎవరింట్లో పాలు మాడినా వీధి చివర తన వంటగదిలో కూర్చుని చెప్పేస్తుంది. తమ్ముడు గడపలో చెప్పులు విడవకముందే ఆ ముక్కు పని మొదలుపెట్టేది.

"తాగొచ్చావు."

"ఒక్కటే అక్కా."

"ఒక్కటికి చొక్కా అంత కంపు కొడుతుందా? పొగగొట్టంలో ఆరేశావా?"

తమ్ముడు నేల చూపులు చూసేవాడు. అతని నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది, అదీ ఒక పద్ధతేనట. చొక్కా మీద బూడిద, నోట్లో లవంగం. ఇదీ మనిషి.

పని మాత్రం బంగారం. పుస్తకాలకి బైండింగు చేస్తాడు. ఒకటే గది, అందులో నడుమెత్తు అట్టల దొంతరలు, అంచులు కోసే కత్తి, మైనం పట్టించిన దారం, స్టవ్వు మీద మైదా జిగురు గిన్నె. ఆఫీసుల రిజిస్టర్లు, బడి పిల్లలు పేజీలు ఊడగొట్టిన పుస్తకాలు, ఏవి వచ్చినా ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికేలా చేసి పంపిస్తాడు. ఇంతమందికి ఆయుష్షు పోసేవాడు తన ఆయుష్షు తగలబెట్టుకుంటున్నాడని అక్క ఏడుపు.

ఒకసారి సిగరెట్టు పెట్టెకే బైండింగు చేశాడు. నిండు పెట్టెని రెండు అట్టల మధ్య పెట్టి, చుట్టూ కుట్టేసి, పైన ఎర్రగుడ్డ అంటించి, వీపు మీద బంగారు అక్షరాలతో 'ఇంకెప్పుడూ తాగను' అని వేశాడు.

"ఒకటి తాగాలంటే పదకొండు కుట్లు విప్పాలి అక్కా. అంత ఓపిక ఎవరికుంటుంది?"

"నీకుంటుంది," అంది అక్క. "నువ్వు బైండరువి."

మూడో రోజున వచ్చి నిలబడ్డాడు. పదకొండూ విప్పాడట. తాగి, మళ్ళీ పదకొండూ కుట్టాడట.

ఇంకోసారి ఎడమచేత్తో మాత్రమే తాగుతానన్నాడు. చేతికి అలవాటు లేక దానంతటదే విసుగు పుడుతుందట. నెల తిరిగేసరికి ఎడమచేత్తో టీ తాగడం, తల దువ్వుకోవడం, చివరికి దారం ఎక్కించడం కూడా వచ్చాయి. విసుగొక్కటే రాలేదు.

ఆ తర్వాత చెంపదెబ్బల పద్ధతి. నోట్లో సిగరెట్టు కనబడితే చెంప మీద కొట్టే అధికారం వీధిలో పన్నెండుమందికి ఇచ్చాడు. పదకొండుమంది మొహమాటపడ్డారు. వడ్రంగి ఒక్కడే పని మానుకుని మరీ కాపలా కాశాడు. మొదటిరోజే ఫెడీమని ఒకటిచ్చాడు.

"ఇది పెన్సిలయ్యా," అన్నాడు తమ్ముడు, నోట్లోది తీసి చూపించి.

"ఫర్వాలేదు. రేపటి కింద జమ వేసుకో," అన్నాడు వడ్రంగి.

అక్క ఇవన్నీ నలుగురికీ చెప్పి నవ్వించేది. ఆ ఏడాది వానల్లో నవ్వు ఆగిపోయింది.

అక్క మొగుడు, అంటే తమ్ముడికి బావ, ముప్ఫై ఒక్కేళ్ళు లేత్ మిషను మీద ఇనుము తిప్పిన మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్క పారేసి మళ్ళీ మొదలుపెట్టే రకం. 'నా వల్ల కాదు' అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. మూడు నెలలుగా దగ్గుతున్నాడు. దగ్గితే పక్కగదిలో గ్లాసులు కదులుతున్నాయి. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీశారు. డాక్టరు ఆ ఫోటోని దీపం ముందు పెట్టి, చాలాసేపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. 

"ఎడమవైపు ఊపిరితిత్తి సగం తీసేయాలి. దానికి ముందు ఆరు వారాలు ఒక్క సిగరెట్టు కూడా ముట్టకూడదు. ఒక్కటి ముట్టినా మత్తిచ్చాక లేస్తారన్న నమ్మకం నాకు లేదు. నేను కత్తి పట్టను. అలాగని నెలలు గడిపితే ఇక కత్తితో పని ఉండదు."

బావ తల ఊపాడు. ఇంటికొచ్చి సిగరెట్ల పెట్టె నలిపి బయట పారేశాడు. మంచం పక్క గోడ మీద సుద్దతో రోజుకో గీత గీయడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు మధ్యాహ్నం బట్టలు ఉతికే రాయి వెనక, గొడుగు అడ్డం పెట్టుకుని తాగుతూ అక్కకి దొరికాడు. అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. బావ లోపలికి వచ్చి మూడు గీతలూ అరచేత్తో తుడిచేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నా వల్ల కాదు. ఆ ఆసుపత్రి కాగితాలు చింపెయ్."

రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాన పడుతూనే ఉంది. తడిసిన గోడలు, ఆరని బట్టలు, దగ్గు. మూడోనాడు తమ్ముడు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"బావా, నేనూ మానేస్తున్నా. ఇది అరవై రెండోసారి. మనిద్దరం కలిసి మానేద్దాం."

బావ కదలలేదు. మర్నాడు తమ్ముడు మళ్ళీ వచ్చాడు, చొక్కా నిండా బూడిదతో.

"ఎంతసేపు ఆగావురా?" అన్నాడు బావ, గోడతో అన్నట్టు.

"పొద్దున లేచిన దగ్గర్నుంచి టీ తాగేదాకా."

"టీ ఎన్నింటికి?"

"ఏడింటికి."

"లేచిందెప్పుడు?"

"ఏడు కావడానికి పది నిమిషాలుందనగా."

బావ ఇటు తిరిగాడు. నవ్వబోతే దగ్గొచ్చింది, దగ్గు తగ్గాక మిగిలిన నవ్వు నవ్వాడు. "నేను మూడు రోజులు ఆగానురా."

"మూడు రోజులా! నువ్వు మనిషివి కాదు బావా," అన్నాడు తమ్ముడు.

ఆ సాయంత్రం గోడ మీద మళ్ళీ ఒక గీత పడింది. రోజూ సాయంత్రం తమ్ముడు వచ్చి ఓడిపోయిన కథ చెప్పేవాడు. నూరు నుంచి వెనక్కి లెక్కపెడితే కోరిక పోతుందని ఎవరో చెబితే లెక్కపెట్టాడట. డెబ్బై మూడు తర్వాత ఏముంటుందో గుర్తు రాక, గుర్తు తెచ్చుకోవడానికి ఒకటి వెలిగించాడట. బావకి కోపం వచ్చేది. "డెబ్బై మూడు తర్వాత డెబ్బై రెండు. నా ముందు చెప్పు." ఇద్దరూ కలిసి వెనక్కి లెక్కపెట్టేవారు. బావకి గొంతు ఎండి చెయ్యి వణికే గంట ఆ లెక్కలోనే దాటిపోయేది. అక్క గమనించలేదు. ఆవిడ చూపంతా చొక్కా మీదే.

పంతొమ్మిదో గీత నాడు తమ్ముడు మంచం మీదికి వంగి దుప్పటి సర్దుతుంటే, బావ కళ్ళు మూసుకుని ఆ చొక్కా వాసన లోపలికి పీల్చుకున్నాడు. ఆకలిగా ఉన్నవాడు అన్నం వాసన పీల్చినట్టు. అక్క అది చూసింది. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని గడపదాకా లాక్కొచ్చింది.

"నువ్వు బాగుపడవు సరే, ఈయన్ని కూడా పాడెక్కిస్తావా? ఈయన లేచి తిరిగేదాకా ఈ గడప తొక్కావంటే నాకు తమ్ముడే లేడనుకుంటాను."

తమ్ముడు ఏదో చెప్పబోయి, లవంగం మింగి, "సరే అక్కా" అని వానలోకి వెళ్ళిపోయాడు.

ఇరవై, ఇరవై ఒకటి. బావ గీతలు గీశాడు గానీ అవి రోజురోజుకీ పలచబడుతున్నాయి. "వాడేడే?" అన్నాడు. పనుందట అంది అక్క. ఇరవై రెండో రోజు పొద్దున చూస్తే బావ బీరువా ముందు నిలబడి పాత కోటు జేబులు ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నారు?"

"వాడు నిజంగానే మానేసి ఉంటాడు. చెప్పడానికి మొహమాటపడి రావడం లేదు. ఆ సన్నాసి వల్ల కూడా అయింది. నా ఒక్కడి వల్లే కావడం లేదు."

అక్క కోటు లాక్కుని పక్కింటావిడని కాపలా కూర్చోబెట్టి, గొడుగు వేసుకుని బైండింగు దుకాణానికి బయల్దేరింది. తిట్టడానికో, పిలవడానికో ఆవిడకే తెలియదు.

దుకాణం తీసే ఉంది, మనిషి లేడు. పక్కనే టీ దుకాణం. చూరు కింద బల్ల మీద ఐదారుగురు పొగ వదులుతున్నారు. వాళ్ళ నెత్తిన మేకుకి తమ్ముడి చొక్కా వేలాడుతోంది.

"ఇది మా తమ్ముడిది. ఇక్కడికెలా వచ్చింది?"

టీ కాచే ఆవిడ గిన్నె దించింది. "రోజూ ఓ గంట తగిలిస్తాడమ్మా. పొగ పట్టాలట. బూడిద కూడా నా దగ్గరే తీసుకెళ్తాడు, చిటికెడు."

"తాగేవాడికి చొక్కాకి పొగ పట్టించడమేమిటి?"

"తాగితే కదమ్మా. నేనీ దుకాణం పెట్టి తొమ్మిదేళ్ళు. ఆయన వెలిగించగా నేను చూడలేదు."

అక్క దుకాణంలోకి నడిచింది. బల్ల పైన అరలో ఎర్రగుడ్డ పుస్తకం ఉంది. దుమ్ము తుడిచి, కత్తి తీసుకుని పదకొండు కుట్లూ కోసింది. లోపల పెట్టె. పెట్టెలో సిగరెట్లు పదికి పదీ ఉన్నాయి. ఒకటి పట్టుకుంటే పొడి అయి ఒళ్ళో రాలింది. లోకం మొత్తాన్ని పసిగట్టే ముక్కు తొమ్మిదేళ్ళు ఒక చొక్కా చేతిలో మోసపోయింది.

తమ్ముడు రిజిస్టర్లు ఇచ్చేసి బనీను మీద తడుస్తూ వచ్చాడు. అక్క ఒళ్ళో పొగాకు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఎప్పుడు మానేశావురా?"

"మొదటిసారికే అక్కా. ఊరికే మానేశాను. పద్ధతేం లేదు. అది చెబితే ఎవరికీ పనికిరాదు. ఊరికే మానేయండంటే జనం కొడతారు."

"మరి ఈ వేషం?"

తమ్ముడు తువ్వాలుతో తల తుడుచుకున్నాడు, కావలసిన దానికంటే ఎక్కువసేపు. "నాకు పని నేర్పినాయన గుర్తున్నాడా? నేను మానేసిన వారమే ఆయనా మానేశాడు. ఆరో రోజు ఓడిపోయాడు. నేను ఓడిపోలేదు. నా ముందు సిగ్గేసి, మానేశాననే చెప్పి, దొడ్లో దాక్కుని తాగాడు ఏడాదిపాటు. దగ్గు కూడా దాచుకున్నాడు. డాక్టరు దాకా వెళ్ళనే లేదు. ఆయన్ని పొగ సగమే చంపింది అక్కా. మిగతా సగం నా వల్ల. పక్కన ఇంకొకడు ఓడిపోతూ ఉంటే దాక్కోవాల్సిన పని ఉండదు."

అక్క ఒళ్ళో రాలిన పొగాకుని వేలితో పోగుచేసింది. 

"ఈ చొక్కా ఇవాళ ఎవరికోసం?"

"మంగలాయనకి. పదకొండో రోజు."

"వడ్రంగి?"

"ఆయన ఎప్పుడో మానేశాడు. మానేసిన కొత్తలో చేతులు ఊరుకోక అల్లాడేవాడు. అందుకే ఆ చెంపదెబ్బల ఏర్పాటు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"నీకు చెబితే వీధికి చెప్పినట్టేగా అక్కా."

అక్క లేచి ఒళ్ళు దులుపుకుంది. "పద. మీ బావ జేబులు వెతుకుతున్నాడు. ఆ చొక్కా మాత్రం వద్దు, ఆ వాసనకి ఆయన ప్రాణం లాగేస్తోంది. ఉతికింది వేసుకో. కంపు సంగతి నేను చూసుకుంటాను."

గడప దగ్గర తమ్ముడు చెప్పులు విడుస్తున్నాడు. చొక్కా మైదా జిగురు వాసన వేస్తోంది, అంతే. అక్క గొంతెత్తింది. "ఛీ ఛీ, ఏం కంపురా ఇది? పెట్టె పెట్టంతా తగలేశావా?"

లోపల మంచం కిర్రుమంది. "వచ్చాడా? తాగే వచ్చాడా?" బావ గొంతులో మూడు రోజులుగా లేని ప్రాణం వచ్చింది. "ఇలా రారా వెధవా. నూరు నుంచి చెప్పు."

నలభై రెండు గీతలు పూర్తయ్యాయి. డాక్టరు కత్తి పట్టాడు. సగం ఊపిరితో బావ తిరిగొచ్చాడు. గొంతు సన్నబడింది, లేత్ మిషను ఇంకొకరి చేతికి వెళ్ళింది, నాలుగు మెట్లెక్కితే నిలబడిపోతాడు. ఇప్పటికీ టీ తాగాక రెండు వేళ్ళూ వాటంతటవే పెదాల దాకా వెళ్తాయి. డాక్టరు ఇంకెన్నేళ్ళో చెప్పలేదు, అక్క అడగలేదు.

రోజూ సాయంత్రం ఐదింటికి బావ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంటాడు, బావమరిదిని పట్టుకోవడానికి. మొన్న అక్కని దగ్గరికి పిలిచి సన్నగొంతుతో చెప్పాడు. "వీణ్ణి మానిపించందే నేను పోను. రాసిపెట్టుకో."

అక్క రాసిపెట్టుకోలేదు, ఆవిడకి రాత అంతంతమాత్రం. వంటగదిలో టీ పోస్తూ తమ్ముడి చెవి పట్టుకుంది.

"ఒరేయ్, నువ్వు మానేశావని ఆయనకి తెలిసిందో, కాళ్ళు విరగ్గొడతాను."

"లేదులే అక్కా," అన్నాడు తమ్ముడు. "మానడం నా వల్ల కాదు."

అక్క టీ గ్లాసు చేతికిచ్చి, ముక్కు మూసుకుని, కిటికీ దాకా వినబడేలా తిట్లు మొదలుపెట్టింది.