ముట్టుకున్నా ఆగని రంపం

ఆ టచ్ పలకను నంద్యాలలోని నా వర్క్‌షాపులో తయారుచేశాను. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కించే ఒక షెడ్డు యజమాని అడిగాడు. రాయి కోసే రంపం పక్కన బిగిస్తే, వేలు ఆనించగానే రంపం ఆగాలి. అక్కడ రాతిదుమ్ము, రేకుల కింద ఎండ, రంపం మీద ఎప్పుడూ పారే నీళ్లు. నీటి చుక్క పడ్డా ఆగిపోతోందని, పలక మరీ అంత సున్నితంగా ఉండకుండా తగ్గించాను. దుమ్ము పోశాను, ఎండబెట్టాను, బకెట్టు నీళ్లు కుమ్మరించాను. నా వేలికి ప్రతిసారీ ఆగింది. ఇంకేం కావాలి?

బిగించిన మూడోరోజే ఫోను. రంపం మీద పనిచేసే పెద్దాయన.

"ఏంప్పా, నేను ముట్టుకుంటాండా, అది ఆగల్యా."

బస్సెక్కి పోయాను. నేను ముట్టుకుంటే ఠక్కున ఆగింది. యజమాని ముట్టుకున్నా ఆగింది. మర్నాడు మళ్లీ అదే ఫోను. నాకు ఒళ్లు మండింది. కొత్త వస్తువంటే గిట్టక కావాలనే చేస్తున్నాడు! వేలికి మైనం పూసుకుంటున్నాడా? గోరుతో ముడుతున్నాడా? చెప్పాపెట్టకుండా వెళ్లి, బండరాళ్ల చాటున నిలబడి కాపు కాశాను. ఆయన వీపు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా నా అనుమానం తగ్గలేదు. నేరుగా యజమాని దగ్గరికి పోయి, పెద్దాయన వింటుండగానే అనేశాను.

"పలక బాగానే ఉండాదన్నా. ఈయనే దొంగ నాటకాలు ఆడతాండాడు."

యజమాని ఒక్కమాటతో తేల్చేశాడు. "పెద్దాయనా, రేపట్నుంచి మిషన్ కాడికి రాబాకు."

పెద్దాయన రంపం ఆన్ చేసి, నా ముందు చెయ్యి చాపాడు. "నువ్వే పట్టుకోని పెట్టప్పా."

ఆయన చూపుడువేలు పట్టుకుని పలక మీద ఆనించాను. రంపం తిరుగుతూనే ఉంది. గట్టిగా నొక్కాను. ఊహూ. వేలు తిప్పి చూశాను. ఒక్క గీత లేదు. ఏళ్ల తరబడి సుత్తీ ఉలీ పట్టి చర్మం మందంగా కాయకట్టి, ఎండిన తోలులా ఉంది. నీళ్లకు భయపడి నేను సున్నితం తగ్గించిన పలకకు ఆ వేలు తెలియడం లేదు. దుమ్మూ ఎండా నీళ్లూ అన్నిటితో పరీక్ష పెట్టాను గానీ, రాయి చెక్కే చెయ్యి ఒక్కటి కూడా ఆనించి చూడలేదు. ఛీ, ఎంత సిగ్గేసిందో.

"అన్నా, తప్పు నాదే. ఈయన్ను పనిలోంచి తీయొద్దు," అన్నాను.

యజమాని తలూపాడు. పెద్దాయన రంపం ప్లగ్గు పీకి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"రేషన్ షాపు మిషన్‌లో గూడా నా ఏలిముద్ర పడదు. అయినా ఆ డీలరు నన్నెప్పుడూ దొంగ అనలేదప్పా."