సముద్రం వైపు కిటికీ

రెండో తరగతిలో ఉండగా మా అయ్యవారు బడి గోడకు ఒక బొమ్మ తగిలించారు. పెంకుటిల్లు, ముందు వసారా, పక్కన పూలమొక్కలు, గోడలకు కిటికీలు. పాఠం పేరు ‘మంచి ఇల్లు’. మంచి ఇంట్లోకి గాలీ వెలుతురూ ధారాళంగా రావాలని, కిటికీలు లేని ఇంట్లో ఉండేవాళ్ళకు జబ్బులు చేస్తాయని ఆయన చెప్పారు. ఆయనది బుచ్చిరెడ్డిపాలెం వైపు. వరిచేల మీదుగా వచ్చే గాలి తప్ప ఇంకో గాలి ఎరగని మనిషి. మాది కృష్ణపట్నానికి దిగువన, ఇసుకలో కట్టుకున్న చేపలవాళ్ళ పాలెం. మా ఊళ్ళో గాలిని ఎవరూ పిలవక్కర్లేదు. అదే వచ్చి అన్నంలో ఇంత ఇసుక పోసి వెళ్ళేది.

ఎవరి ఇంటి బొమ్మ వాళ్ళు పలక మీద వేయమన్నారు. నేను మా ఇంటిని ఉన్నదున్నట్టు వేశాను. గుండ్రటి మట్టిగోడ, నడుమెత్తు దాకా దిగిన తాటాకు కప్పు, పడమటి వైపు ఒకే ఒక్క వాకిలి. అయ్యవారు చూసి, “కిటికీ ఏదమ్మా?” అన్నారు. లేదన్నాను. “మీ నాయనకు చెప్పి పెట్టించుకో, గాలి వచ్చే దిక్కున” అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తరగతిలో ఎవరింటికీ కిటికీ లేదు. మిగతావాళ్ళంతా పలక మీద ఒకటి గీసేసి చేతులు దులుపుకున్నారు. బతకనేర్చినవాళ్ళు. నేనొక్కదాన్నే నిజం కిటికీ కావాలని ఇంటికి పోయాను.

మా పాలెంలో సముద్రం వైపు గోడకు కన్నం పెట్టరు. ఎందుకని ఎవరూ అడగరు, పెట్టరంతే. మా అవ్వ, అంటే నాయన తల్లి, నా మాట వినగానే చేటలో ఉన్న చేపలు వదిలేసి లేచింది. “తూర్పు గోడకా? సూది బెజ్జం గూడా ఉండగూడదు మే! గాలి లోపలికొస్తే కప్పు నిలస్తాదా?” అంది. ఆ గోడలు అవ్వ తన చేతులతో మట్టి తొక్కి పెట్టినవి.

నేను ఏడ్చాను. ముద్ద ముట్టలేదు. “మనది చెడ్డ ఇల్లు, మనకు జబ్బులొస్తాయి” అన్నాను. ఆ మాటకు నాయన మొహం చిన్నబోయింది. ఆయన బడి గడప తొక్కిన మనిషి కాదు. తెప్ప మీద కూర్చుని మబ్బును చూసి గాలి ఎటు తిరుగుతుందో చెప్పగలడు. కానీ పలక పట్టిన కూతురి ముందు ఆ తెలివిని తెలివి అనుకోలేదు. “అయివారు సదువుకున్నాయన. ఊరికే చెప్తాడా అమ్మా?” అని అవ్వకు నచ్చజెప్పి, మర్నాడు గడ్డపార తీసి తూర్పు గోడకు కిటికీ కొట్టాడు. దానికి తాటాకు తడిక ఒకటి కట్టాడు. చాప మీద పడుకునే సముద్రం చూడొచ్చు. నాకు గర్వం పట్టలేదు. పిల్లలందర్నీ పిలిచి చూపించాను.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. తెల్లవారేసరికి తడిక ఎగిరిపోయింది. నాయన కిటికీలో బొంత కుక్కి, వీపు ఆనించి నిలబడ్డాడు. గాలి ఆయన్నే తోసేసింది. కప్పు లోపలినుంచి ఉబ్బి, తాళ్ళు పటపటా తెంపుకుని లేచిపోయింది. అవ్వ నా మీద పడుకుని నన్ను కప్పేసింది. తర్వాత ముగ్గురం బడికి పరుగెత్తాం. అమ్మ నేను పుట్టినప్పుడే పోయింది, మా ఇంట్లో ఉండేది ముగ్గురమే. వాన తగ్గి వచ్చి చూస్తే, కప్పు లేని గోడలు నాని కుప్పగా కూలి ఉన్నాయి. పాలెంలో ఇంకే ఇంటికీ ఏమీ కాలేదు. మాది ఒక్కటే పోయింది.

ఇక నన్ను కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. ఇరుగుపొరుగు వచ్చి ఏమైందని అడిగితే నాయన, “వాసాలు పుచ్చిపోయినయ్యి” అన్నాడు. అంతకు ముందు ఎండాకాలంలోనే వేసిన వాసాలు అవి. అయ్యవారు కూడా గొడుగు పట్టుకుని వచ్చారు. “ఎట్లా పడిందయ్యా?” అన్నారు. నాయన నా తల మీద చెయ్యి వేసి, “పాత ఇల్లు అయివారూ, వాసాలు పుచ్చినయ్యి, దాని కాలం తీరింది” అన్నాడు. అయ్యవారినీ నన్నూ ఒక్క అబద్ధంతో కాపాడాడు. పాలెమంతా వినేలా తిట్టగలిగిన అవ్వ తల వంచుకుని పుల్లలు ఏరుకుంటోంది. రెండు దెబ్బలు పడి ఉంటే నా మనసు కుదుటపడేది. అయ్యవారు నిజంగానే వాసాల మాట నమ్మి, కర్రకు తారు పూయాలని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో! నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

మా దగ్గర ఇల్లు పోయినవాళ్ళకు పాలెమంతా వచ్చి చెయ్యి వేస్తుంది. మొగవాళ్ళు తాటాకులు తెచ్చారు, ఆడవాళ్ళు మట్టి మోశారు. గోడ నడుమెత్తు లేచాక నాయన నన్ను పిలిచి, “పాపా, కిటికీ యాడ పెడదాం?” అన్నాడు. అందరి ముందూ. “వొద్దు నాయనా” అని ఆయన పంచె పట్టుకుని ఏడ్చేశాను.

“బిడ్డ అడిగింది గదరా. వాకిలి పక్కన పెట్టు, పడమటేపు ఏం కాదు” అంది అవ్వ.

తనే ముందుకొచ్చి, తడి మట్టిలో చేత్తో కంత చేసింది. అంచులు అరచేత్తో నీళ్ళు అద్ది నున్నగా రుద్దింది. ఆ గోడ మీద ఇంకెక్కడా ఎవరూ అంతసేపు పని చేసి ఉండరు. అవ్వ అంతకు ముందు ఎప్పుడూ కిటికీ పెట్టి ఎరగదు. అది కుండ మూతిలాగా గుండ్రంగా వచ్చింది.

“మీ బడి బొమ్మలో ఇట్టనే ఉండాదా మే?” అని అడిగింది.

“అచ్చం ఇట్టనే ఉండాది అవ్వా” అన్నాను.