మామ్మగారి బల్లికి మలబద్ధకం

కొత్త దేశంలో దిగిన ఆ తొలి రోజుల్లో ధైర్యాన్ని ఎక్కడెక్కడి నుంచో ఏరుకోవాల్సి వచ్చేది. నాకు దొరికిన ధైర్యమల్లా న్యూజిలాండ్‌లో పాములుండవన్న సంగతి. ఫోన్ కార్డు గీకి మరీ తెనాలిలో అమ్మకి ఆ మాట చెప్పాను. ఆ మర్నాడే హామిల్టన్‌లో, రోటోటూనా వైపు, ఒక తెల్లావిడ ఇంట్లో గదికి దిగాను. హాల్లో గాజు పెట్టె, పెట్టెలో దీపం, దీపం కింద చెయ్యంత పొడుగున, చెయ్యంత లావున నున్నటి శాల్తీ ఒకటి పడుకుని ఉంది. నన్ను చూసి నీలం రంగు నాలుక బయటపెట్టింది.

"గిది పామే. కాళ్లు ఊకె పెట్టిన్రు," అన్నాడు పక్క గది అన్న. ఆయనది కరీంనగర్. ఒక డెయిరీలో (అంటే పాలకేంద్రం కాదు, ఇక్కడ వీధి చివరి కిరాణా కొట్టుని అలాగే అంటారు) పనిచేసేవాడు. అది పాము కాదు, బ్లూ టంగ్ అనే జాతి బల్లి. ఇంటావిడ పోయిన భర్త ముద్దుగా పెంచుకున్నదట. ఆవిడ దాన్ని 'ఓల్డ్ బాయ్' అని పిలిచేది. మేమిద్దరం ఆవిడని ఎదురుగా మేడమ్ అని, చాటున మామ్మగారని అనుకునేవాళ్లం. సాయంత్రాలు ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ రోజు కూరగాయల ధరల దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పేది. భర్తకి చెప్పినట్టే చెప్పేది.

మామ్మగారికి తుంటి ఆపరేషన్ పడింది. టౌరంగాలో చెల్లెలి దగ్గరుండి చేయించుకోవడానికి వెళ్తూ ఓల్డ్ బాయ్‌ని మాకు అప్పగించింది. "ఆయన వస్తువుల్లో ఊపిరి పీల్చేది ఇదొక్కటే, నాయనా," అంది. ఆవిడ అటు వెళ్లగానే ఇది ఇటు తిండి మానేసింది. పొట్ట చూస్తే తబలాలా బిగుసుకుంది. అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. తిండితో పాటు గూట్లో పరిచిన చెక్కపొట్టు మింగిందని, అది పేగులో అడ్డుపడిందని ఆవిడ తేల్చింది. మందేదో పట్టించి, గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టి పొట్టని తోకవైపు మెల్లగా నిమరమంది. లొంగకపోతే కోయాలి, ఆ వయసులో కోతకి తట్టుకుంటుందో లేదో చెప్పలేనంది.

మామ్మగారికి ఫోన్లో 'కాస్త నలతగా ఉంది' అని మాత్రం చెప్పాను. పెద్దావిడతో విరేచనాల మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

బియ్యం కడిగే బేసిన్‌లో నీళ్లు పోసి వైద్యం మొదలుపెట్టాను. అన్న గుమ్మంలోనే నిలబడి "నేనైతే ముట్ట" అన్నాడు. కాసేపటికి ఒక అడుగు లోపలికొచ్చి "గట్ల గాదు ఒత్తుడు" అన్నాడు. ఇంకాసేపటికి చేతులు కడుక్కుని నా పక్కన చతికిలబడ్డాడు. "మా చెల్లె బిడ్డకు కడుపుబ్బితె మా అవ్వ గిట్లనే రాస్తుండె. ఏం గాదు బిడ్డా, ఏం గాదు," అంటూ తన మొరటు వేళ్లతో ఎంత మెత్తగా నిమిరాడో! (వాము నీళ్లు పట్టిద్దామని కూడా అన్నాడు. నేనే ఆపాను.) అలా ఎన్ని పూటలు గడిచాయో గుర్తులేదు. ఒక మధ్యాహ్నం తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నానో లేదో, నా ఆఫీసు చొక్కా సాక్షిగా ఆ అడ్డంకి కాస్తా బయటపడింది. ఇద్దరం గెంతులేశాం. ఆ సంబరంలోనే టౌరంగాకి ఫోన్ కొట్టాను. మనం దొడ్డికి 'వెళ్తాం' కదా, ఆ మాటనే ఇంగ్లీషులోకి దింపేశాను.

"మేడమ్! ఓల్డ్ బాయ్ హాజ్ గాన్! ఫైనల్లీ గాన్!"

ఆవిడ సన్నటి గొంతుతో "బాధపడ్డాడా?" అంది.

"చాలా బాధపడ్డాడు. చివర్లో మాత్రం హాయిగా అయిపోయింది."

"నువ్వు దగ్గరున్నావా?"

"నా ఒళ్లోనే, మేడమ్."

"మరి... ఎక్కడ పెట్టావు?"

"టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేశాను. పెద్దది కదా, ఒక పట్టాన పోలేదు."

అప్పుడు వినిపించింది ఏడుపు. నాకేమీ అర్థం కాలేదు. అర్థమైంది అన్నకే. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని "మేడమ్, నో డై! నో డై! ఓన్లీ టాయిలెట్! ఓల్డ్ బాయ్ ఈటింగ్ ఎగ్!" అని ఊరంతా వినపడేలా అరిచాడు. ఏడుపు ఆగింది. ఆ మీదట వచ్చిన నవ్వు ఎంతకీ ఆగలేదు. ఆవిడకి కుట్లు లాగుతున్నాయి, నవ్వించకండి అని ఆస్పత్రి నర్సు ఫోన్ అందుకుని మమ్మల్ని బతిమాలుకుంది.

మామ్మగారు వాకర్ పట్టుకుని ఇంటికొచ్చాక ఆ కథ నా చేత ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు. 'గాన్' దగ్గరికొచ్చి నేను సరిదిద్దుకోబోతే ఒప్పుకునేది కాదు. "అలా కాదు, ఆ రోజు నువ్వన్నట్టే అను," అనేది, ఓల్డ్ బాయ్ తల నిమురుతూ.

ఇప్పుడు రోజంతా మీటింగుల్లో ఇంగ్లీషే మాట్లాడతాను. తప్పుల్లేకుండా మాట్లాడతానని మెచ్చుకుంటారు కూడా. తడిసిన చొక్కాతో, ఒళ్లో బల్లితో, ఫోన్లోకి ఉత్సాహంగా అరిచిన ఆ కుర్రాడి ఇంగ్లీషు మాత్రం ఎంత ప్రయత్నించినా నాకు మళ్లీ రావడం లేదు.