మిక్సీ మీద వేసిన నింద

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే. అందుకే కాబోలు, దించుకోవడానికి సరైన సందర్భమే దొరకలేదు.

నాచారంలో నాది బండ్ల వైరింగు షాపు. వ్యాన్లలో మంచం, పొయ్యి, ఫ్యాను పెట్టించుకుని ఊళ్లు తిరిగేవాళ్లకు రెండో బ్యాటరీ బిగిస్తాను. బండి నడుస్తున్నంతసేపూ ఇంజను నుంచి దానికి చార్జింగ్ ఎక్కుతుంది. ఆపాక లోపలి సామానంతా దాని మీదే నడుస్తుంది. ఉప్పల్‌లో ఉండే ఒక జంటకు అలాగే చేసిచ్చాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆయన గుమస్తాగా, ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. దేశమంతా తిరగాలని ఆవిడకే ఎక్కువ సరదా.

బయలుదేరిన నాలుగో రోజే వెనక్కి వచ్చేశారు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. మూత తీసి చూస్తే, ఇంజను నుంచి వచ్చే వైరు ఊడి పక్కన పడి ఉంది. బండి చేసేటప్పుడు ఆ వైరు నట్టు చేత్తో తిప్పి, ఫోనొస్తే లేచి వెళ్లి, పానాతో బిగించడం మరిచిపోయాను. చూసిన మరుక్షణమే గుర్తొచ్చింది. షాపులో ఇంకో ఇద్దరు బండ్లవాళ్లు నిలబడి ఉన్నారు. నా పనికి వంక పెట్టినవాడు అప్పటిదాకా లేడు. అదే నా పొగరు.

వైరు బిగిస్తూనే అడిగాను.

"లోపల ఏమేం నడిపించిన్రు మేడమ్?"

"చట్నీకి రెండు నిమిషాలు మిక్సీ వేశానండీ."

"గదే మరి. మిక్సీ గిట్ల నడిపిస్తే బ్యాటరీ ఏం తట్టుకుంటది?"

రెండు నిమిషాల మిక్సీ ఆ బ్యాటరీకి ఒక లెక్కే కాదు. నోరు జారి అన్నానా? లేదు. తెలిసే అన్నాను. ఆయన అందరి ముందూ ఆవిడను కసిరాడు. ఆవిడ తల వంచుకుంది. కాగితం తీసుకుని లెక్క కట్టి ఉంటే నా అబద్ధం అక్కడికక్కడే బయటపడేది, కానీ ఆవిడ నన్ను నమ్మింది.

వారం తర్వాత ఆయన ఒక్కడే వచ్చి, అన్నిటికీ కలిపి ఒకే స్విచ్చి డ్రైవరు సీటు పక్కన పెట్టమన్నాడు. ఆవిడ చెయ్యి పడకూడదట. పెట్టాను. ఈసారి గట్టిగానే బిగించాను.

పోయిన ఎండాకాలం బండి సర్వీసుకు తెచ్చారు. ఆయన మందుల షాపుకు వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం, ఆవిడ లోపల చెమటలు కక్కుతూ కూర్చుంది. ఫ్యాను వేసుకోమన్నాను. "ఆయన్ని రానీయండి, అడిగి వేసుకుంటాను" అంది. ముప్పై ఏళ్లు క్లాసును గడగడలాడించిన మనిషి! నేనే చెయ్యి చాపి స్విచ్చి వేశాను. ఆవిడ కంగారుపడింది. "మీరే వేశారని ఆయనకు చెప్పండి బాబూ" అంది.

ఆయన రాగానే చెప్పాను. "ఫ్యాను నేనే ఏసిన సార్." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! దాని వెనకే రెండో మాట కూడా గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగింది? సిగ్గా, భయమా, ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేకపోవడమా?

మీకు చెబుతున్నాను. వైరు వదులుగా వదిలేసింది నేను. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడతో అనలేదు గనక ఇది సగం ఒప్పుకోలే, నాకు తెలుసు. అయినా రాశాక గుండెలో బరువు కాస్త దిగింది. ఆవిడ మాత్రం ఇవాళ కూడా ఆయన్ని అడిగే ఫ్యాను వేసుకుని ఉంటుంది.